నూరు ఎంబీల అర

ముప్పై అయిదు శాతం దగ్గర
ఆగింది.
మళ్ళీ.

"మార్పులను వెనక్కి తీసుకుంటున్నాం,
కంప్యూటర్ ఆపకండి" అంది తెర.
ఆపలేదు.
కెటిల్ పెట్టాను.

ఈ వారంలో ఇది ఏడోసారి.
రాత్రి రెండున్నర. వావూర్ రేవులో తూకం గది.
ఫారో దీవుల్లో దక్షిణాన ఆఖరిది మాది.
ఇక్కడ వాన పైనుంచి పడదు,
పక్కనుంచి వస్తుంది,
తలుపు తట్టకుండా.

హైని, ముప్పై ఏళ్ళ తూనిక మనిషి,
కాటా పక్క బల్ల మీద కూర్చుని
నావైపు చూడడు, గడియారంవైపే చూస్తాడు.
"బ్రిమిల్" నాలుగున్నరకు రేవు పడుతుంది,
కడుపు నిండా కానాగంతలతో.
తూకం ఎక్కని చేప
కాగితాల లెక్కలో ఇంకా సముద్రంలోనే ఉన్నట్టు.
"పెన్సిల్‌తో రాస్తాలే" అన్నాడు,
సాయం చేస్తున్నట్టు కాదు,
గెలిచినట్టు.

సున్నా, ఎక్స్, ఎనిమిది, సున్నా, సున్నా, ఎఫ్,
సున్నా, తొమ్మిది, రెండు, రెండు.
తప్పు తన పేరు చెబుతుంది గాని
ఊరు చెప్పదు.

చేయాల్సినవన్నీ చేశాను.
ప్రింటర్ తీగ పీకాను, కాటా తీగ పీకాను,
యాంటీవైరస్‌ను జోకొట్టాను,
దిగిన ఫైళ్ళన్నీ తుడిచి మళ్ళీ దించుకున్నాను.
తోర్స్‌హావన్ ఆఫీసుకు ఫోన్ చేస్తే
ఆపి మళ్ళీ పెట్టి చూశారా అన్నాడు కుర్రాడు.
వాడు పుట్టకముందునుంచీ
ఆపి మళ్ళీ పెడుతున్నాను నేను.

డిస్కులో చోటా?
నాలుగు వందల జీబీ ఖాళీ.
పరుగు పందేలు పెట్టుకోవచ్చు.

లాగ్ ఫైలు తెరిచాను.
పదకొండు వేల పంక్తులు,
విజయవంతం, విజయవంతం అంటూ
సన్మాన పత్రంలా.
మధ్యలో ఒక్కటి, గొంతు తగ్గించి:
చోటు చాలలేదు.

అప్పుడు కనబడింది.
డిస్కు మొదట్లో, పేరూ గుర్తూ లేని చిన్న అర.
నూరు ఎంబీలు.
యంత్రం నిద్ర లేచి ముందు కాలు పెట్టే గడప.
లోపల సూది మోపే సందు లేదు.
ఇల్లంతా ఖాళీగా ఉండి
గుమ్మంలో చెప్పులు విడిచే చోటు లేక
చుట్టం ఏడుసార్లు వెనక్కి పోయాడు.

ఏమున్నాయి అందులో?
లిపులు.
చైనా లిపి, జపాను లిపి, కొరియా లిపి.
యంత్రం లేవలేని రోజున
"లేవలేకపోతున్నాను" అని
వాళ్ళ వాళ్ళ భాషలో చెప్పడానికి
ఎవరో ముందుచూపుతో సర్దిపెట్టినవి.
ఈ రేవులో అవి చదివేవాళ్ళు లేరు.
తీసేస్తే సరి.

మీట మీద వేలు పెట్టాను.

మా రాతలో ఒక అక్షరం ఉంది.
రాస్తాం, చాలాచోట్ల పలకం.
దీన్నెందుకు మొయ్యడం అని
బళ్ళో ఒకసారి అడిగాను.
పంతులమ్మ జవాబు చెప్పలేదు.
ఇరవైసార్లు రాయించింది.

"ఆగావేం?" అన్నాడు హైని.
"అక్షరాలు చెరపాలి."
"ఎవరివి?"
గోడవార పేర్చిన అట్టపెట్టెలు చూపించాను,
ఒసాకా వెళ్ళేవి.
వాటి పక్కల నిలువునా నల్లటి అచ్చు.
ఎన్ని వేలు మోశామో,
ఒక్క ముక్కా చదవలేదు.

హైని లేచాడు.
తడి వేలితో ఒక పెట్టె మీద
ఒక అక్షరం చుట్టూ సున్నా చుట్టాడు.
"ఇది చేప" అన్నాడు.
"ఇదొక్కటే తెలుసు."
అట్ట మీద తడి సున్నా
నెమ్మదిగా ఆరింది.

సొరుగులోంచి పెన్‌డ్రైవ్ తీశాను.
ముందు అన్నిటినీ అందులోకి ఎక్కించి
తర్వాతే చెరిపాను.

ముప్పై అయిదు.

ముప్పై అయిదు.

ముప్పై ఆరు.

నాలుగుంపావుకు రేవు మొనలో దీపం.
తొంభై ఒకటి.
హైని పెన్సిల్ చెక్కుతున్నాడు,
ఎందుకైనా మంచిదని.