మూడు పూటలు

డబ్బా మీది కాగితం చిన్నది.
రోజుకి మూడు. ఐదు రోజులు. తిన్నాక.

డండీలో, పెర్త్ రోడ్డు మందుల షాపులో
మోరాగ్ కళ్ళజోడు పైనుంచి చూసి
తాగుడు కుదరదని ఇంగ్లీషులో చెప్పింది.
నా తలలో అది తెలుగయ్యాక నవ్వొచ్చింది:
మందు వేసుకున్నన్నాళ్ళూ మందు వద్దు.
"అయిపోయాక కూడా రెండు రోజులు ఆగు.
దగ్గు సిరప్పైనా చూసి తాగు."
నవ్వితే వాచిన దవడ సలిపింది.
ఆవిడ నవ్వలేదు.

మూడు పూటలంటే ఎవరి పూటలు?
వంటవాడికి పొద్దు పన్నెండింటికి పొడుస్తుంది.
రాత్రి భోజనం ఒంటిగంటకి, నిలబడి.
ఎనిమిది గంటలకొకటని లెక్కేసి
తెల్లారి ఐదింటికి అలారం పెట్టుకున్నాను.
బ్రెడ్డు ముక్క, కుడి పక్కనే నమిలి,
గ్లాసెడు నీళ్ళు.

రెండో రోజుకి నోట్లో లోహం.
రాగి కాదు, ఇత్తడి కాదు,
టే నది మీది రైలు వంతెనని
వానలో నాకితే ఎలా ఉంటుందో, అది.
కాఫీ లోహం. అన్నం లోహం. ఉమ్మి లోహం.
ఒంటేలు డికాక్షన్ రంగు.
అది మోరాగ్ ముందే చెప్పింది కాబట్టి బెదరలేదు.
కడుపులో తిప్పడం మాత్రం
చెప్పినదానికంటే ఎక్కువే.

శుక్రవారం. నలభై మంది బుకింగు.
ఇరవై రెండేళ్ళలో మొదటిసారి
నా చేపల పులుసు నాకు అబద్ధం చెప్తోంది.
గిన్నెలు తోమే కాలమ్‌ని పిలిచాను.
పంతొమ్మిదేళ్ళు. చింతపండుని మొన్నటిదాకా
ఖర్జూరం అనుకున్నవాడు.
గరిటె నాకి కళ్ళు మూసుకున్నాడు.
"దీనికింకా కోపం రావాలి."
కారం వేశాను.
"ఇప్పుడెక్కువైంది. ఎవరైనా సర్దిచెప్పాలి."
బెల్లం, గోరంత.
"ఆయ్" అన్నాడు,
అచ్చం అమలాపురం వాడిలా.

శనివారానికి నొప్పి లేదు, వాపు లేదు.
రేకులో ఇంకా ఐదు మాత్రలు.
షట్టర్ దించాక అందరి చేతుల్లో చల్లటి సీసాలు.
తగ్గిపోయిందిగా, ఇంకెందుకు, అంది నాలుక.
పొయ్యి ఆర్పేసినా పెనం కాలుతూనే ఉంటుంది,
అది నా వేళ్ళకి తెలిసిన సంగతి.
నీళ్ళ గ్లాసు ఎత్తాను.
కాలమ్ తన సీసా దానికి తాటించాడు.

మంగళవారం టీలో
ముందు పంచదార వచ్చింది.
కాసేపటికి పాలు.
అల్లం ఎక్కడో ఆగి, ఆలస్యంగా.

ఆ సాయంత్రం పులుసు నేనే చూశాను.
ఉప్పు సరిపోయింది. పులుపు సరిపోయింది.
అయినా గరిటె పక్కకి చాపాను.
వాడప్పటికే చేతులు తుడుచుకుంటున్నాడు.