రాతిలో ఉత్తరం

నేను అడిగింది మండే కొండని.
అండమాన్ అవతల, పలక కింద పలక దూరేచోట
పొగ కక్కే దీవిని.
పడవకి అనుమతి రెండేళ్ళు రాలేదు.
"చల్లారినదాన్నే చూడవమ్మా,
గౌరీపట్నం క్వారీలో బోలెడుంది" అన్నారు గైడు గారు.

ఇక్కడ పొద్దున్న ఏడింటికే రాయి ఒళ్ళు కాలుతుంది.
డ్రిల్లు నీళ్ళు బూడిదరంగు పాలలా
నా చెప్పుల్లోకి కారుతుంటాయి.
వేలెడు ముక్క, ఊడిరాకముందే
దాని నెత్తిన ఒక బాణం, పక్కన "ఉ".
కన్నం అంచున బండ మీదా అదే గుర్తు.

"రాయికి ఉత్తరం రాత్తన్నారేంటండీ?"
జాకీ సుత్తి దించి అడిగాడు గెడ్డం ఏసుపాదం.
రాయడం కాదు, అందులో ఉన్నది చదవడం అన్నాను.
"ఆయ్" అన్నాడు,
నమ్మనప్పుడు అనే ఆయ్.

దిక్సూచిని ఇక్కడ నమ్మకూడదు.
నల్లరాయి దగ్గరికి రాగానే సూది బెదురుతుంది.
అందుకే పుల్ల నాటి, నీడ కొలిచి,
గడియారంతో లెక్క కడతాను.
మేకలు రాకుండా పుల్లకి ఏసుపాదం కాపలా.

ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట
పడమటి నుంచి నిప్పు, పేరులేని ఏదో ఏటి లోయ పట్టుకుని
ఈ సముద్రపు అంచుదాకా నడిచొచ్చింది.
చల్లారేటప్పుడు భూమి ఎటు చూస్తుంటే
అటే చూపు నిలిపేసింది.
మన నేల అప్పటికి భూమధ్యరేఖ దాటలేదు.
కింది పొరలో ఉత్తరం దక్షిణాన ఉంది,
పై పొరలో తిరగబడింది.
నడుమ నా ఎత్తు సున్నపురాయి, నిండా ఆల్చిప్పలు.
రెండు నిప్పుల మధ్య
ఎవరో తీరిగ్గానే బతికారు.

"పైరాయి కంచులా ఖంగుమంటదండి.
కిందది పగిలిన కుండ.
మజ్జన తెల్లది అసలు మాటాడదు."
నా మూడో అధ్యాయం ఇదే,
నలభై పేజీల్లో.

డిసెంబరులో పరీక్షకుల లేఖ:
కింది పొరకి ఆరు నమూనాలు చాలవు.
వెళ్తే గోడ లేదు.
పచ్చటి నీళ్ళగుంట, అందులో ఒక కాకి తానం.
"మీ రాయి అంతర్వేది ఎల్లిపోయిందండి.
సముద్రం ఊరిని కోసేత్తంది గదా, గట్టుకి పోశారు.
నూట పది టిప్పర్లు."

రెండు ప్రవాహాలని రాసుకున్నాను.
మూడోది వేబ్రిడ్జి చీటీ పట్టుకుని
నిడదవోలు, తణుకు, పాలకొల్లు,
చించినాడ వంతెన మీదుగా
వరిచేల మధ్య డీజిలు పొగతో పోయింది.
దాన్ని ఏ అధ్యాయంలో పెట్టను?

గట్టు మీద బండలు అడ్డదిడ్డంగా పడున్నాయి,
ఒక్కోదానిలో ఉత్తరం ఒక్కో వైపు.
వాటి మీద నెత్తళ్ళు ఎండేసుకుంటున్న మనిషి
"ఏం పారేసుకున్నావే?" అంది.
నేను వెతుకుతున్నది దొరికింది:
అంగుళం కన్నం, సగం చెరిగిన "ఉ",
లోపల గోరంత పీత.
బాణం ఆకాశంలోకి చూపిస్తోంది.

పుల్ల నాటి నీడ కొలుద్దామని వంగాను.
కెరటం వచ్చినప్పుడల్లా
ఇసక దాన్ని నిలవనీయలేదు.