తదితరులు

ముహర్రఖ్‌లో, ఒకప్పుడు ముత్యాల వ్యాపారి కాపురమున్న ఇంట్లో
మా లైబ్రరీ. జూన్ నెల. గోడలకు చెమట.
పాత కార్డు చూసి కొత్త రికార్డు కట్టడం నా పని,
రోజుకు అరవై.
తగ్గితే షరీఫా మేడమ్ ఏమీ అనదు,
కళ్లద్దాలు తీసి తుడుచుకుంటుంది, అంతే.

సొరుగు లాగితే అడుగున ఇనుప కమ్మీ.
కార్డు కార్డుకీ పొట్టకింద బెజ్జం,
వడమాల గుచ్చినట్టు గుచ్చిన పుస్తకాలు.
కమ్మీ తిప్పి లాగేస్తే
యాభై ఏళ్ల క్రమం ఒళ్లో పడుతుంది,
పేకముక్కలంత తేలిగ్గా.

కొత్త నియమాలొచ్చాయి.
పొట్టి రాతలు ఇక చెల్లవు.
'పు.' కాదు, పుటలు అని రాయి.
ఊరు తెలియకపోతే, అచ్చువేసినవాడు తెలియకపోతే
లాటిన్‌లో రెండక్షరాలు గొణిగి తప్పుకునేవాళ్లం.
ఇప్పుడు తెలియలేదని నోరారా ఒప్పుకోవాలి.
నాకిది నచ్చింది,
తెలియనిదాన్ని కూడా పూర్తిగా రాయమనడం.

పేర్ల దగ్గరే చిక్కు.
నా పేరే చూడండి. పాలపర్తి పెంచలయ్య.
అరబ్బీలో ప లేదు, చ కూడా లేదు,
గుర్తింపు కార్డులో నేను బాలబర్తి బెన్‌షలయ్య.
పాస్‌పోర్టు ఇంటిపేరును తోకకు కట్టింది.
జీతం చీటీలో పాలపర్తి ఒక్కడే ఉన్నాడు,
క్యాంపు మంచానికంటించిన కాగితంలో అంకె మాత్రమే.
మన నిఘంటువుల్లో అయితే ఒక్క అక్షరంతో సరిపెట్టేవాళ్లు:
బెన్‌షలయ్య, చూ. పెంచలయ్య.
ఎవరు చూస్తారు?

పాత నియమం ఒకటుండేది, ముగ్గురి దాకా అని.
ముగ్గురు కలిసి రాస్తే ముగ్గురి పేర్లూ.
నలుగురైతే మొదటివాడొక్కడే,
మిగతావాళ్లు తదితరులు.
మా రాజంపేటలో సినిమా పోస్టరు అడుగున,
లారీ చక్రం చిమ్మిన బురద పడే చోట
ఉండేదే ఈ మాట.
కొత్త నియమం, ఎందరున్నా రాసుకోవచ్చంది,
ఎవరేం చేశారో కూడా.
రాసుకోవచ్చంది. రాసితీరాలనలేదు.

మంగళవారం చేతికొచ్చిన కార్డు:
'పడవ లెక్కల పుస్తకం. చేతిరాత. నాఖుదా రాషిద్, తదితరులు.'
పుస్తకం తెరిచాను. ఉప్పు తిన్న కాగితం.
పదకొండేళ్ల అరబ్బీతో కూడబలుక్కున్నాను,
అక్షరం చిక్కని చోట షరీఫా మేడమ్ వేలుపెట్టి చదివింది.
మునిగేవాళ్లు, తాడు లాగేవాళ్లు, వంటవాడు, నీళ్లు మోసే పిల్లాడు.
ప్రతి పేరు పక్కనా అప్పు:
బియ్యం, ఖర్జూరం, ఒక పంచె.
ఒకడి వరస కొట్టేసి ఉంది:
'సముద్రంలో పోయాడు. బాకీ తమ్ముడి మీద వేయడమైనది.'
తమ్ముడు తర్వాతి పుటలో ఉన్నాడు,
అన్న తిన్న బియ్యంతో సహా.

భోజనం వేళ, నమాజు వేళ, బస్సు రాని అరగంట
పేరుపేరునా ఎక్కించాను. నలభై రెండు.
ఆ వారం ఏ రోజూ అరవై కాలేదు.
కళ్లద్దాలు చాలాసార్లు శుభ్రమయ్యాయి.

కార్డు చింపబోతూ వెనక్కి తిప్పితే
పెన్సిలు రాత. మలయాళం.
చాయ్ తెచ్చే సజీవన్ వెలుతురుకు పట్టి చదివాడు:
"నలభై మూడు మంది. రెండుసార్లు లెక్కపెట్టాను."
ఎవరో మరి.
నాకన్నా ముందు ఈ కుర్చీలో కూర్చుని
నియమం చోటివ్వకపోతే
కార్డు వీపు మీద రాసుకున్న మనిషి.

మళ్లీ మొదటి పుట. ఒక్కో వరసా వేలితో.
దొరికింది, నాలుగో పుట అంచున.
బియ్యం ఉంది, ఖర్జూరం ఉంది, పంచె ఉంది,
మునిగేవాడని ఉంది.
పేరుండాల్సిన చోట సిరాతో అడ్డగీత.
గీతను నేను మనిషనుకోలేదు. దాటేశాను.

బయట బస్సు హారన్.
ఖాళీ గడిలో కర్సరు కొట్టుకుంటోంది.
పొట్టి రాతలు చెల్లవు కదా,
పూర్తిగానే రాశాను:
పేరు తెలియలేదు. మునిగేవాడు.