గింజల లెక్క

సముద్రానికి ఎదురుగా నిలువునా లేచిన కొండ మాది.
కిందికి రెండొందల అరవై ఎనిమిది మెట్లు.
లేదంటే పట్టాల మీద ఓ చెక్క పెట్టె,
ఇనప తాడు లాగితే మూలుగుతూ ఎక్కేది,
మూలుగుతూ దిగేది.

నష్టంలో నడుస్తోంది, మూసేస్తాం అన్నారు పురపాలక సంఘం వాళ్ళు.
మొదటిసారి గిన్నెలు మోగిస్తూ వెళ్ళాం,
దాన్ని కట్టిన తాతల ఫొటోలు పట్టుకెళ్ళాం.
మర్యాదగా కాఫీ ఇచ్చి పంపించారు.

"ఏడుపుని పద్దులోకి దించాలి," అన్నాడు ఎవుసేబియో,
ముప్పై ఏళ్ళు రేవులో కస్టమ్స్ గుమాస్తా.

నెలిదా టికెట్ల గది పక్కన స్టూలేసుకుని
నలభై రోజులు కూచుంది.
ఎక్కిన మనిషికో నల్ల చిక్కుడు గింజ,
దిగిన మనిషికో తెల్లది.
రాత్రిళ్ళు వంటింటి బల్ల మీద పోగులు పెట్టాం:
గ్యాస్ బండ మోసే కూలి ఇంత,
మెట్లెక్కలేక మానుకున్న ఉద్యోగాలు ఇంత,
రొసౌరా మోకాలి ఆపరేషనుకి ఆసుపత్రి భరించింది ఇంత.
మోకాలికి వెల కడుతున్నంతసేపూ
రొసౌరా బల్ల కింద రెండో మోకాలిని
చేత్తో కప్పుకునే ఉంది.

ఎర్మోహెనెస్ తాతని ఎక్కడ వెయ్యాలో తెలీలేదు.
చూపు లేదు, కింద పనీ లేదు.
రోజూ నాలుగింటికి దిగి, దిగిన పెట్టెలోనే పైకొస్తాడు.
సగం దారిలో రెండో పెట్టె దాటుతుంటే
ఆ గాలి మొహానికి తగలాలట.
ఎవుసేబియో చెవి మీంచి పెన్సిల్ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.
చివరికి "ఇతరములు" అని రాసి
ఎదురుగా ఓ అడ్డగీత గీశాడు.

సమావేశంలో కోశాధికారి మా కాగితాలు తిరగేసి
"కాకిలెక్కలు" అన్నాడు.
నెలిదా లేచి, గోనెసంచి ఎత్తి
ఆయన నున్నటి బల్ల మీద బోర్లించింది.
కిటికీ దాకా దొర్లాయి గింజలు.
"మా కొండ మీద కాకుల్లేవయ్యా. లెక్కపెట్టుకోండి."
లెక్కపెట్టారు. ఇద్దరు గుమాస్తాలు, పొద్దుగూకేదాకా.
మాకంటే పదకొండు ఎక్కువొచ్చాయి.

మూడేళ్ళకి సంతకం పెట్టారు.

ఆ రాత్రి మా సాక్ష్యాన్ని గుమ్మడి ముక్కలేసి ఉడకబెట్టుకున్నాం.
రొసౌరా రెండుసార్లు వడ్డించుకుంది.
తాత వేళ్ళతో తడిమి, ఇందులో నా గింజ ఏది, అని అడిగాడు.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
గిన్నె తోముతుంటే మాత్రం ఒకటే మాట తిరుగుతోంది:
నష్టం లేదని చూపించి గెలిచాం గదా,
రేపు నిజంగానే నష్టమొస్తే
ఏ నోటితో అడుగుతాం?

నెలిదాతో అన్నాను.
తను పలకలేదు. ఉడకెయ్యకుండా దాచిన గుప్పెడు గింజల్ని,
నలుపూ తెలుపూ చూడకుండా,
పాత టికెట్ల కాగితంలో పొట్లం కడుతోంది.