పేకకు ఇంత గుడ్డ

కొత్తవాడ గల్లీ కొసకు రేకుల చర్చి.
చలికాలం బండ మీద మోకాళ్ళు ఆనుతలేవని
ఇర్మియా అయ్యగారు ఇల్లిల్లూ తిరిగిండు.
"చందా వద్దు. కట్టి ఇడిసిన గుడ్డ ఒకటియ్యండి,
ఏ దేవుని ఇంటిదైనా సరే.
అందరం కూసోని ఒక జంపఖానా నేద్దాం."

నేను ఆ చర్చి మనిషిని కాను.
మగ్గం గుంటల మూడేండ్ల సంది ఉల్లిగడ్డలు పోసుకుంటున్న.
అయినా పడుగు నన్నే కట్టమన్నరు.
ఉల్లిగడ్డలు ఎత్తి మంచం కిందికి తోసిన.

యాకూబీ వెలిసిన దుపట్టా తెచ్చింది,
ఆటో సారంగపాణి ఖాకీ అంగీ.
దాని జేబుల ఐదు రూపాయల బిళ్ళ దొరికితే
"ఇది గుడ్డ కాదు గదా" అని చాయ తాగిండు.
ఎవడో పార్టీ జెండా తెచ్చిండు, ఇగ చూడు లొల్లి.
రంగు కిందికి పోయేటట్టు నెయ్యమన్నరు.
జంపఖానాకు కింద మీద ఏముంటది?
రెండు దిక్కులా ఒక్కటే మొఖం.
ఆఖరికి యాకూబీ కత్తెర తీసి
ఏ పార్టీదో పార్టీకే తెల్వనంత సన్నగ చీరింది.

మూడో మూర కాడ
ఎస్తేరమ్మ మనుమడు సీలాసు కూసున్నడు.
పదేండ్ల చేతులు.
పంజా దెబ్బ ఒకటి గట్టిగ, ఒకటి దూది లెక్క.
అంచు పాము పోయినట్టు పోయింది.
నలభై ఏండ్ల నేత నాది,
కండ్లు మూసుకున్నా ఆ వంకరే.
అర్ధరాత్రి లేచి విప్పిన. సాపుగ నేసి పన్న.

పొద్దుగాల పోరడు వేలితోటి వరుసలు లెక్కవెట్టిండు.
"నాది యాడ పోయింది తాతా?"

మళ్ళ విప్పిన.
వాని వంకర వానికి తిరిగిద్దామని
పంజా వదులుగ కొట్టిన,
ఎడమ చేత్తోటి గూడ నేసి చూసిన.
ఎంత కొట్టుకున్నా సక్కగనే వస్తది.
నలభై ఏండ్లల్ల నాకు రాని పని అదొక్కటి.
వాన్నే కూసోవెట్టి నేను పేలికలు అందిచ్చిన.

పరిచిన నాడు ఎవ్వరూ కాలు పెట్టరు.
చెప్పులు ఇడిసి గోడల పొంటి నిలబడ్డరు.
"మా అమ్మ చీర ఉన్నది దీంట్ల,
ఎట్ల తొక్కేది" అని బీడీల సరోజన.
అయ్యగారికి గూడ మాట రాలే.
సీలాసు ఉరికొచ్చి
వాని వంకర మీద బోర్లపండుకున్నడు.
అప్పుడు నవ్వుకుంట ఒక్కొక్కరే.

నేను వాకిలి దాటలే.
ఆదివారం పాట మా అరుగు దాకా ఇనపడుతది, చాలు.
మంచం కింద ఉల్లిగడ్డలు మొలకలెత్తుతున్నయి.
గుంటల పొయ్యబుద్ధి అయితలేదు.