చెల్లేరు

డాక్టరు నడవమన్నాడు. నడకంటే నాకు విసుగు.
ఊరు మారిపోతున్న ఒక కుర్రాడి దగ్గర
గేర్ల సైకిలు కొన్నాను, నాలుగు వేలకి.
పంపు, తాళం, అతని చెమట వాసన వదలని హెల్మెట్టు
ఊరికే ఇచ్చాడు.

ఆదివారం తెల్లారకుండా కాడుగోడి దాటి,
అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గర కునికే వాచ్‌మన్లని దాటి
ముగళూరు వైపు తిరిగితే
రోడ్డు ఉన్నట్టుండి పల్లానికి దిగుతుంది.
తొక్కక్కర్లేదు.
నలభై తొమ్మిదేళ్ళ ఒళ్ళు
ఎవరో వెనక నించి తోసినట్టు పోతుంది.
గాలి చొక్కాలోకి దూరి
ఉన్న పొట్టని ఇంకాస్త పెద్దది చేస్తుంది.

లోయ.
అటూ ఇటూ నీలగిరి తోపులు, రాగి చేలు,
గులాబీలు పెంచే ప్లాస్టిక్ ఇళ్ళలో
ఇంకా ఆర్పని దీపాలు.
అట్టడుగున, మసక వెలుతురులో, తెల్లగా ఏదో.
మంచనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.
బ్రేకు పట్టి, ఒక కాలు నేలకానించి
"అబ్బ" అన్నాను పైకే.
ఆ తర్వాత వచ్చింది వాసన.

వంతెన మీద ఫొటోల వాళ్ళు.
పెళ్ళి కాబోయే జంట. పిల్ల గౌను అంచు
మట్టికి తగలకుండా ఎత్తి పట్టుకున్న తమ్ముడు.
"కాశ్మీరం అనుకోండి, నవ్వండి" అంటున్నాడు కెమెరా అతను.
ఒక నురగ ముద్ద లేచి, ఎగిరి,
పెళ్ళికొడుకు భుజం మీద కూర్చుంది.
ముక్కులు మూసుకుని అందరూ పడీపడీ నవ్వారు.
ఆ ఫొటో బాగా వచ్చుంటుంది.

నేను గట్టు మీది మట్టిబాట పట్టాను.
రెండు ఫర్లాంగులు పోయానో లేదో
చైను ఊడింది.

కొత్తిమీర కట్టలు కడుతున్న ఒకావిడ లేచొచ్చింది.
నేను కన్నడం కూడబలుక్కునే లోపలే
"యాడికన్నా, ఇంత పొద్దున్నే?" అంది.
తెలుగే. మాకంటే ముందు కాలం తెలుగు,
అన్నంలో పలుకురాయిలా అక్కడక్కడా కన్నడం తగులుతూ.
పేరు మునెక్క.
పుల్లతో చైను ఎత్తి, చక్రం తిప్పమంది.
టక్కున పళ్ళలో పడింది.
"మా వాని సైకిలుకి వారానికి మూడు తూర్లు ఇదే పని."

చేతులకి గ్రీజు. కడుక్కుందామని ఏట్లోకి దిగబోయాను.
"వోయ్, దాంట్లో కాదు!"
ఆ కేక కాలరు పట్టుకుని ఆపింది.
"దురద పెడతాది. బోరు కాడికి రా."

సైకిలు నడిపించుకుంటూ ఆమె వెనక నడిచాను.
డాక్టరు చెప్పిన నడక ఇదే కాబోలు.
వేలు చూపిస్తూ పోతోంది ముందు:
ఆ బండ మీద గుడ్డలుతికినాము.
ఆ మడుగులో మా మామ జెల్లలు పట్టె.
ఈ మలుపు కాడ, నాకు ఏడేండ్లప్పుడు, మునిగిపోతా ఉంటే
జుట్టు పట్టి ఈడ్చినారు.
"ఇప్పుడు మునగాలన్నా ఈ నురగ మునగనీదు."

"యా వూరన్నా మీది?"
నెల్లూరన్నాను.
"అట్లయితే మీది ఉత్తర పినాకిని. ఇది దక్షిణ.
నంది కొండ కడుపున పుట్టి
అక్క మీ కాడికొచ్చె, చెల్లి మా కాడికొచ్చె.
పెద్దది ఎట్లుండాది? బాగుండాదా?"

దూరదేశం ఇచ్చిన పిల్లని గురించి అడిగినట్టు.
ఏం చెప్పను?
పెన్నని చూసి పదకొండేళ్ళు. అదీ రైలు కిటికీలోంచి.
ఇసుక, లారీల బారు,
నడుమ ఎక్కడో ఒక తడి చార.
"బాగుంది" అన్నాను.
బోరు నీళ్ళు వేళ్ళకి చురుక్కుమన్నంత చల్లగా ఉన్నాయి.
ఆమె తలూపింది, నమ్మినట్టుగా,
నమ్మకుండా.

తిరుగు దారంతా ఎత్తే.
పొద్దున ఉత్తినే జారిన ప్రతి గజానికీ
ఇప్పుడు తొక్కి బాకీ కట్టాలి.
హ్యాండిలుకి రెండు కొత్తిమీర కట్టలు ఊగుతున్నాయి.
ఇరవై అడిగింది, ఇరవై ఇచ్చాను.
ఏ నీళ్ళకి పెరిగిందని అడగలేదు.
నోటి దాకా వచ్చింది గానీ అడగలేదు.

ఇంటికొచ్చి మూడుసార్లు కడిగాను.
పచ్చడి నూరాం.
రుచిగానే ఉంది.