ఎర్ర నూనె

కౌంటరు మీద మోచేతులానించి
"ఎర్ర నూనె ఇవ్వమ్మాయ్" అంటారందరూ.
ఎన్ని ఎరుపులో నాకు తెలుసు.
మూడో అరలోనే పదకొండు.
సీసా ఎత్తి ట్యూబులైటుకి పట్టి చూస్తే
అన్నీ దానిమ్మ రసాలే.
గేర్‌బాక్సులో పోశాక గానీ
దేని బుద్ధి ఏమిటో బయటపడదు.

నార్త్ జీలాంగ్‌లో జూలై.
కొరయో నీళ్ల మీంచి లేచిన గాలి
షట్టరు కింద సందు చూసుకుని దూరి
నా మడమల్ని వెతుక్కుంటూ వస్తుంది.

జ్వోన్కో పెరిచ్ వచ్చాడు, వెనకే మిల్కా.
ముప్ఫై ఒక్కేళ్లు ఫోర్డులో ఇంజన్లు బిగించాడు.
ఆ పని పోయింది, చేతులు మిగిలాయి.
బయట ఆయన ఫాల్కన్ వ్యాగన్,
డెబ్బై మూడు మోడల్, ఆవపిండి రంగు,
కింద ఎప్పుడూ ఒక చుక్క.

"టైప్ ఎఫ్, ఒక లీటరు.
వేరేది దానికి పడదు."

టైప్ ఎఫ్ రావడం తగ్గింది.
అట్టడుగున, వైపర్ బ్లేడ్ల వెనక
ఒకే ఒక్క సీసా, మూతచుట్టూ జిగురు కట్టి.

కొత్తగా చేరిన కుర్రాళ్లకి నేనిలా చెబుతాను:
లోపల పళ్లేలుంటాయి, నూనెలో మునిగి తిరుగుతూ.
గేరు మారేటప్పుడు ఒకదాన్నొకటి పట్టుకోవాలి.
టైప్ ఎఫ్‌ది కబడ్డీ పట్టు.
పట్టిందంటే పట్టిందే,
బండి ఒక్క కుదుపు కుదిపి ఉరుకుతుంది.
డెక్స్‌రాన్ కాస్త జారనిచ్చి
మొహమాటంగా పట్టుకుంటుంది.
కుదుపుండదు.
పళ్లెం అరుగుతుంది, అంతే.

రెండూ కలిపితే?
కలుస్తాయి. గొడవంతా అదే.
పాలయితే విరిగి చెప్పేస్తాయి.
ఎరుపులో ఎరుపు ఏమని చెబుతుంది?

"నాలుగేళ్లుగా వెన్నలా మారుతోంది గేరు,
సరైన నూనె పోస్తే అంతే మరి" అన్నాడు జ్వోన్కో.
టైప్ ఎఫ్ వెన్నలా మారదు.
నేను మిల్కా వైపు చూశాను.
ఆవిడ సెంటు బిళ్లల అట్టలు
ఒక్కొక్కటే శ్రద్ధగా చదువుతోంది.

ఆయన బానెట్ ఎత్తడానికి బయటికెళ్లాడు.
ఆవిడ కౌంటరు మీదికి వంగింది.
"మెడ ఆపరేషనయ్యాక
గేరు పడినప్పుడల్లా మేకు దిగినట్టుండేది.
ఖాళీ టైప్ ఎఫ్ సీసాలో ఆ రెండోది నింపి పెట్టేదాన్ని,
బట్టలుతికే గదిలో, గరాటు పెట్టి.
మొన్న ఆ సీసా చెత్తలో పడేశాడు."
"ఆయనతోనే చెప్పొచ్చుగా?"
"చెబితే, నేనా కారా అని ఆలోచిస్తాడు.
ఆ ఆలోచించడం నేను చూడలేను."

బయట ఇంజన్ నడుస్తోంది.
జ్వోన్కో కొలబద్ద లాగి, గుడ్డతో తుడిచి,
మళ్లీ ముంచి తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు.
ఎరుపు గోధుమకి తిరిగింది,
పోపు మాడబోతూండగా దింపిన వాసన.

పాఠం ప్రకారం అంతా దింపెయ్యాలి.
ఎంత దింపినా దిగేది మూడోవంతు,
మిగతాది కన్వర్టర్ కడుపులోనే ఉండిపోతుంది.
పైగా ముసలి పెట్టె.
అరిగి రాలిన పొడే ఆ మురికిలో తేలుతూ
ఉన్న పళ్లేలకి పట్టునిస్తోందేమో.
శుభ్రం చేసి చంపిన బళ్లు చూశాను నేను.

"టైప్ ఎఫ్ అయిపోయింది" అన్నాను.
వైపర్ బ్లేడ్ల వైపు చూడకుండా అన్నాను.
"డెక్స్‌రాన్ ఉంది. దీనికిప్పుడు అదే నయం."

వాదిస్తాడనుకున్నాను.
కొలబద్ద తనూ ఓసారి వాసన చూశాడు,
అవసరమైన దానికన్నా ఎక్కువసేపు.
ఇంజన్లో పుట్టి పెరిగిన ముక్కు అది.
మిల్కా మెడ చుట్టూ ఉన్ని మఫ్లర్ చూశాడు.
"సరే, అదే ఇవ్వు" అన్నాడు,
ధర అడక్కుండా.

వెళ్లేముందు ఆవిడ సీటు వెనక
దిండు సరిచేసి పెట్టాడు.
మెల్‌బోర్న్ రోడ్డు మీదికి మలుపు తిరిగింది
ఆవపిండి రంగు బండి.
చెవి రిక్కించి నిలబడ్డాను.
రెండో గేరు ఎక్కడ పడిందో
నాకు వినపడలేదు.